రైలు తోక ఎక్కడ ఆగింది?

ప్రశ్న: నా వయసు 33. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, తరువాత ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు. తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసులో బ్రిటన్ రైలు మార్గాల సిగ్నలింగ్ ప్లాన్లు, కంట్రోల్ టేబుళ్లు (ఏ సిగ్నల్ ఇవ్వాలంటే ఏమేమి సరిగ్గా ఉండాలో చెప్పే పట్టికలు) తయారుచేస్తున్నాను. లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ రైల్వే సిగ్నల్ ఇంజినీర్స్ వారి వృత్తి పరీక్షకు కట్టాను. గత అక్టోబరులో, ప్లాను మీద సిగ్నళ్లు అమర్చే భాగంలోనే తప్పాను. రోజూ చేసే పనిలోనే ఎలా తప్పానో తెలియడం లేదు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ రాయడం నెమ్మది. సాయంత్రాలు లండన్ వాళ్లతో మీటింగులు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఏ పుస్తకాలు చదవాలి? కోచింగ్ ఎక్కడైనా ఉందా? ఈసారి మిగిలిన పేపర్లన్నీ ఒకేసారి రాసేయమంటారా? నేను సాధన చేసిన షీటు ఒకటి పంపుతున్నాను. పేరు వేయవద్దు.
— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: మీ ఉత్తరం రెండు నిమిషాల్లో చదివాను. షీటు మాత్రం బల్ల మీద పరుచుకుని గంటసేపు చూశాను. మీ ప్రశ్నలకు జవాబులు చాలావరకు అందులోనే ఉన్నాయి కనుక ముందు దాని గురించే రాస్తాను.

గీత చక్కగా ఉంది. సిగ్నళ్ల నంబర్లు వరుసగా ఉన్నాయి. లెక్క పక్కన విడిగా వేశారు. గంటకు 110 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 30.56 మీటర్లు. బ్రేకు వేస్తే సెకను సెకనుకూ 0.5 మీటరు చొప్పున వేగం తగ్గుతుందని ప్రశ్నలో ఇచ్చారు. వేగం వర్గాన్ని దానికి రెట్టింపుతో భాగిస్తే 934 మీటర్లు. మీరు దాన్ని 1000కి సవరించి, మూడు రంగుల సిగ్నళ్లు 1000 మీటర్లకొకటి పెట్టుకుంటూ పోయారు. హెడ్‌వే (ఒకదాని వెనుక ఒకటి వచ్చే రైళ్ల మధ్య ఉండే కనీస వ్యవధి) కూడా సరిచూశారు: సిగ్నల్ కనపడే దూరం 200, రెండు సిగ్నళ్ల మధ్య దూరానికి రెట్టింపు 2000, ఓవర్‌ల్యాప్ (ఎర్ర సిగ్నల్ అవతల భద్రత కోసం ఖాళీగా ఉంచే దూరం) 180, రైలు పొడవు 400, మొత్తం 2780 మీటర్లు, అంటే 91 సెకన్లు. అడిగింది 100 సెకన్లు. సరిపోయిందని కింద రెండు గీతలు కొట్టారు.

ఇప్పుడు ప్లాను అడుగున, మార్జిను పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో మళ్లీ చూడండి. మధ్యలో రెండు కిలోమీటర్లు 100కు 1 దిగుడు అని ఉంది. దిగుడులో భూమ్యాకర్షణ రైలును ముందుకు తోస్తుంది. 9.81ని 100తో భాగిస్తే సుమారు 0.1. మీ 0.5లో నుంచి అది పోతే మిగిలేది 0.4. బ్రేకింగ్ దూరం 934 కాదు, 1167. అంటే ఆ దిగుడులో పసుపు చూసి బ్రేకు వేసిన రైలు, మీరు పెట్టిన ఎర్ర సిగ్నల్‌ను దాటి 167 మీటర్ల అవతల ఆగుతుంది. మీ 180 మీటర్ల ఓవర్‌ల్యాప్ దాదాపు మొత్తం తినేసింది. డ్రైవరు తప్పు ఏమీ లేకుండానే.

పోనీ దూరం 1167కు పెంచుదామంటే, హెడ్‌వే దూరం 3114 మీటర్లవుతుంది, అంటే 102 సెకన్లు. అడిగిన వంద దాటిపోయింది. రెండు సెకన్లే కదా అని వదిలేయడానికి లేదు. ఇక్కడ నాలుగు రంగులకు వెళ్లక తప్పదు. జోడు పసుపు, అంటే పసుపుకు ఒక సిగ్నల్ ముందే హెచ్చరించే రెండు పసుపు దీపాలు, వస్తుంది, సిగ్నళ్ల మధ్య దూరం సగమవుతుంది, హెడ్‌వే 83 సెకన్లకు దిగుతుంది. అంటే ఆ చిన్న అక్షరాల ఒక్క పంక్తి మీ ప్లానునంతా మార్చేసింది. మీరు తప్పింది లెక్కలో కాదు, లెక్క మొదలుపెట్టక ముందే.

దీనికి కారణం నాకు తోచింది చెబుతాను, నొచ్చుకోవద్దు. ఆఫీసులో మీ చేతికి వచ్చేసరికి బ్రేకింగ్ దూరం ఎవరో తేల్చేసి ఉంటారు. ఒక పట్టిక ఉంటుంది, ఒక ప్రమాణ పత్రం ఉంటుంది, సందేహం వస్తే అడగడానికి లండన్‌లో ఒక పెద్దమనిషి ఉంటాడు. మీరు తొమ్మిదేళ్లుగా చేస్తున్నది ఆ తేల్చిన వాటిని తప్పు లేకుండా కాగితం మీదకు ఎక్కించడం. అది చిన్న పని కాదు. కానీ పరీక్షలో ఆ పెద్దమనిషి కుర్చీలో కూర్చోవలసింది మీరే. ఈ సిగ్నల్ ఇక్కడే ఎందుకు అని అడిగితే, ఆఫీసులో అలాగే పెడతాం అన్నది జవాబు కాదు.

అందుకే పుస్తకాల జాబితా ఇచ్చే ముందు ఒక పని చెబుతున్నాను. మీ దగ్గరున్న ఈ షీటులో ప్రతి సిగ్నల్ పక్కనా పెన్సిలుతో ఒక్క వాక్యం రాయండి: ఇది ఇక్కడ ఎందుకుంది? పది మీటర్లు ఇటు, పది మీటర్లు అటు జరిపితే ఏమి చెడుతుంది? తెలుగులో రాసినా ఫరవాలేదు. వాక్యం రాని చోటల్లా మీ చదువు మొదలుకావాలి.

7వ నంబరు సిగ్నల్ దగ్గర మీకు ఆ వాక్యం రాదని నా అనుమానం. జంక్షన్ పాయింట్లు (రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు) దాటిన 320 మీటర్లకు దాన్ని పెట్టారు. రైలు పొడవు 400. ఆ సిగ్నల్ ఎర్రగా ఉండి రైలు దాని కింద ఆగితే తోక ఎక్కడుంటుంది? జంక్షన్ మీద, 80 మీటర్లు వేలాడుతూ. ఒక్క రైలు ఆగితే రెండు మార్గాలూ బందు. ఇంజను ఎక్కడ ఆగుతుందో అందరూ చూస్తారు. మా రోజుల్లో ఒక పాత మేస్త్రీ ఉండేవాడు, ఏ ప్లాను చూపించినా ముందు వేలు పెట్టేది రైలు తోక ఆగే చోటే. ఆయన చదివింది ఎనిమిదో తరగతి.

ఇక చదువు. ఆ సంస్థ 1912లో పుట్టింది, వందేళ్లకు పైగా పాతది. భారతదేశంలో కూడా దానికి శాఖ ఉంది. పాత ప్రశ్నపత్రాలు, వాటి మీద పరీక్షకులు రాసిన అభిప్రాయాలు వాళ్లే ప్రచురిస్తారు. నన్నడిగితే ఆ అభిప్రాయాలను మించిన పుస్తకం లేదు. చాలామంది ప్రశ్నపత్రాలు దించుకుని ఇవి వదిలేస్తారు. అభ్యర్థులు ఎక్కడెక్కడ జారిపోయారో అందులో ఏటికేడు చదువుతూ పోతే, మీ మొహమే అద్దంలో చూసుకున్నట్లుంటుంది. పరీక్ష తీరు కూడా మారింది. ఒకప్పుడు ఏడు మాడ్యూళ్లుండేవి, ఇప్పుడు నాలుగు. కాబట్టి సీనియర్లు ఇచ్చే పాత నోట్సులో మాడ్యూల్ నంబర్లు చూసి కంగారు పడకండి, విషయం చూడండి. ఈ ఏటి సిలబస్ పక్కన పెట్టుకునే చదవండి.

కోచింగ్ సంగతి. డబ్బు కట్టి చేరే చోటు ఏదీ నేను సిఫారసు చేయను. మీరుండే ఊళ్లోనే ఇరిసెట్ ఉంది. 1957 నుంచి సికింద్రాబాదులో భారతీయ రైల్వే సిగ్నల్ ఇంజినీర్లు చదువుకునే చోటు అది. వారి పాఠ్యగ్రంథాలు వెబ్‌సైటులో దొరుకుతాయి. ట్రాక్ సర్క్యూట్ (పట్టాల్లో కరెంటు పంపి లైను మీద రైలుందో లేదో కనిపెట్టేది), ఆక్సిల్ కౌంటర్ (అదే పని ఇరుసులు లెక్కపెట్టి చేసేది), ఇంటర్‌లాకింగ్ (పాయింట్లు సరిగ్గా ఉంటేనే సిగ్నల్ వచ్చే ఏర్పాటు) మూలసూత్రాలకు అంత విడమరిచి చెప్పిన నోట్సు తక్కువ. అయితే ఒక హెచ్చరిక. అవి మన పద్ధతిలో ఉంటాయి. మన జనరల్ రూల్సులో, బహువర్ణ సిగ్నళ్లున్న చోట, బ్లాక్ ఓవర్‌ల్యాప్ (వెనుక స్టేషను నుంచి రైలును రానివ్వాలంటే మన మొదటి ఆపు సిగ్నల్ అవతల ఖాళీగా ఉండవలసిన దూరం) 180 మీటర్లు, స్టేషను లోపల సిగ్నల్ ఓవర్‌ల్యాప్ 120. బ్రిటన్‌లో మామూలుగా తీసుకునేది 180. అంకె ఒక్కటే కనుక అర్థం కూడా ఒక్కటేనని మీరు కలిపేస్తారు. మీ షీటులో ఒక చోట 120 కనిపించింది, ఇంకో చోట 180. జవాబు మొదటి పంక్తిలోనే ఏ దేశపు పద్ధతి అనుసరిస్తున్నారో చెప్పి, చివరిదాకా దానికే కట్టుబడండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన ప్లాను పరీక్షకుడికి మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

మీరు పట్టాల దగ్గరకు ఎన్నిసార్లు వెళ్లారో ఉత్తరంలో రాయలేదు. వెళ్లి ఉండరనే అనుకుంటున్నాను. పరికరాల మీద ప్రశ్నలకు పుస్తకంలోని జవాబు రాస్తే సగం మార్కులే వస్తాయి. ఉదాహరణకు, ట్రాక్ సర్క్యూట్ కంటే ఆక్సిల్ కౌంటర్ ఎక్కడ మేలు అని అడిగారనుకోండి. నాకు వెంటనే గుర్తొచ్చేది ఒక చిన్న స్టేషను, ఒక వానాకాలం. లూపులైను, అంటే మెయిన్ లైను పక్కనుండే లైను, మీద మూడు వారాలుగా బండి నడవలేదు. పట్టాల తల మీద తుప్పు ఎర్రగా పేరుకుంది. ఆ రోజు ఒంటరి ఇంజను ఒకటి లూపులోకి వచ్చి ఆగింది. ప్యానెల్ మీద ఆ లైనుకు ఎర్ర దీపం వెలగలేదు. కిటికీలో నుంచి చూస్తే ఎదురుగా ఇంజను కనిపిస్తోంది, ప్యానెల్ మాత్రం లైను ఖాళీ అంటోంది. చక్రానికీ పట్టాకూ మధ్య తుప్పు అడ్డుపడి కరెంటు షార్టు కాలేదు, రిలే (కరెంటు ఉంటే లేచి, పోతే పడే స్విచ్చు) పడలేదు. స్టేషన్ మాస్టరు అనుభవజ్ఞుడు కాబట్టి ప్యానెల్‌ను కాక కిటికీని నమ్మాడు.

ట్రాక్ సర్క్యూట్ అందం ఏమిటంటే తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా రిలే తన బరువుతో తానే పడిపోయి లైను నిండి ఉంది అంటుంది. రైళ్లు ఆగుతాయి, తిట్లు తింటాం, ప్రాణాలు పోవు. దాన్ని రైట్ సైడ్ ఫెయిల్యూర్ అంటాం. నేను చెప్పింది దానికి పూర్తిగా ఎదురు, రాంగ్ సైడ్. ఇందుకే మనవాళ్లు పట్టాల మీద 0.5 ఓము నిరోధం అడ్డం పెట్టి రిలే పడుతుందా అని పరీక్షిస్తారు. ఇరుసులు లెక్కపెట్టే ఆక్సిల్ కౌంటర్‌కు ఈ తుప్పు బాధ లేదు. కానీ విరిగిన పట్టాను అది కనిపెట్టలేదు. ట్రాక్ సర్క్యూట్ అయితే కొన్ని సందర్భాల్లోనైనా కనిపెడుతుంది. లెక్క తప్పితే ఆక్సిల్ కౌంటర్‌ను రీసెట్ చేయాలి, ఆ రీసెట్ ఎవరు చేయాలి, లైను నిజంగా ఖాళీ అని ఎవరు చూసి చెప్పాలి అన్నది పరికరం కాదు, మనిషి తేల్చాలి. ఇలా రెండు వైపులా రాస్తేనే పరీక్షకుడు పెన్ను కింద పెట్టి చదువుతాడు. సెలవు రోజున ఎవరైనా తెలిసిన సిగ్నల్ ఇన్‌స్పెక్టరుతో, అనుమతి తీసుకుని, ఒక రిలే గది చూసి రండి. నాలుగు పుస్తకాల పెట్టు.

భద్రత భాగానికి ప్రమాద విచారణ నివేదికలు చదవమంటాను. సిగ్నల్ ఇంజినీరుకు అవి పురాణాల్లాంటివి, ప్రతి నియమం వెనుకా ఒక కథ ఉంటుంది. 1889 జూన్‌లో ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర విహారయాత్ర రైలు నుంచి విడదీసిన పెట్టెలు వాలు మీద వెనక్కి దొర్లి, వెనుక వస్తున్న రైలును గుద్దాయి. ఆ ఏడాదే బ్రిటన్‌లో చట్టం వచ్చింది. ఇంటర్‌లాకింగ్, బ్లాక్ పద్ధతి (లైనులో ఒక భాగంలో ఒకసారి ఒకే రైలు), వాటంతటవే పడే బ్రేకులు ప్రయాణికుల రైళ్లకు తప్పనిసరి అయ్యాయి.

వీటన్నిటిలో మీరు గుండెకు హత్తుకునేలా చదవవలసింది 1988 డిసెంబరు 12 నాటి క్లాపమ్ జంక్షన్ ప్రమాదం. 35 మంది పోయారు. రీవైరింగ్ పనిలో ఒక పాత తీగను ఒక కొన విప్పి, రెండో కొన అలాగే వదిలేశారు. విప్పిన కొనను కత్తిరించలేదు, చుట్టలేదు, పక్కకు వంచి ఊరుకున్నారు. రెండు వారాల తరువాత అదే గదిలో మరో పని జరుగుతుంటే ఆ తీగ కదిలి తన పాత చోటునే తాకింది. ఎర్రగా మారవలసిన సిగ్నల్ మారలేదు. పని అయ్యాక మరొకరు వచ్చి తీగలు లెక్కపెట్టవలసింది, ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ టెక్నీషియన్ అంతకు ముందు 13 వారాల్లో ఒక్క రోజే సెలవు తీసుకున్నాడని విచారణలో తేలింది. ఒక మనిషి మీద తప్పు మోపి మూసేయకుండా, ఆ మనిషిని అక్కడికి నెట్టిన పద్ధతిని విప్పి చూపిన నివేదిక అది. భద్రత పేపరులో కోరేది సరిగ్గా ఆ చూపునే.

మన దగ్గరా కథ వేరుగా లేదు. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనాగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను సిగ్నల్ వచ్చింది, పాయింటు మాత్రం లూపు వైపు తిరిగి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. ఉత్తరం వైపు గుమ్టీలో (సిగ్నల్ పరికరాల చిన్న గదిలో) గతంలో చేసిన సర్క్యూట్ మార్పులో లోపం, 94వ నంబరు గేటు బ్యారియర్ మార్చే పనిలో జరిగిన పొరపాట్లు కారణమని రైల్వే శాఖ పార్లమెంటుకు తెలిపింది. క్లాపమ్‌కూ దీనికీ మధ్య 35 ఏళ్లు, రెండు ఖండాలు. కానీ రెండు చోట్లా ఇంటర్‌లాకింగ్ సూత్రం తప్పలేదు, పని చేసి వెళ్లిన తరువాత పరీక్షించి చూడటం తప్పింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాయగలిగితే, పరీక్షలో ఆ ప్రశ్న ఏ రూపంలో వచ్చినా మీరు తడుముకోరు. డిస్‌కనెక్షన్ మెమో, అంటే పని కోసం సిగ్నల్ పరికరాన్ని వాడకం నుంచి తప్పిస్తున్నామని స్టేషన్ మాస్టరుకు రాసిచ్చే మన టి-351 కాగితం, ఎందుకు పుట్టిందో కూడా అప్పుడే అర్థమవుతుంది. రైళ్లు ఆగిపోయాయని పైనుంచి ఫోన్లు వస్తుంటే ఆ కాగితం రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. తెలిసే చెబుతున్నాను.

ఆధునిక వ్యవస్థల మీద ప్రశ్న వస్తే మీకు ఇంటి దగ్గర ఉదాహరణే ఉంది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య కవచ్ (రైళ్లు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకు వేసే మన వ్యవస్థ) పరీక్షలో ఎదురెదురుగా వచ్చిన ఇంజన్లలో ఒకటి, రెండోదానికి 380 మీటర్ల దూరంలో దానంతటదే ఆగింది. స్లీపర్ల మీద ట్యాగులు, ఇంజనుకూ స్టేషనుకూ రేడియో సంబంధం. యూరప్ వారి రైలు అదుపు వ్యవస్థ ఈటీసీఎస్‌తో పోల్చి రాయడానికి ఇది చక్కటి సరుకు. అయితే వార్తాపత్రికలా పొగడకండి. రేడియో తెగిపోతే ఇంజను ఏమి చేయాలి? సగం ఇంజన్లకే పరికరం బిగిస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్నలు వేసుకున్నాకే కలం పట్టండి.

ఇంగ్లీషు భయం గురించి. నేనూ తెలుగు బడిలోనే చదివాను. ఇక్కడ మీకు కావలసింది వ్యాసం రాసే ఇంగ్లీషు కాదు, డ్యూటీ చార్జి అప్పగించేటప్పుడు రాసే ఇంగ్లీషు. ఒక వాక్యంలో ఒకే మాట. వీలున్న చోటల్లా బొమ్మ. అసలు మార్కులు పోయేది వ్యాకరణంలో కాదు, ప్రశ్నలోని క్రియను గమనించకపోవడంలో. డిస్క్రైబ్ అన్న చోట ఎలా ఉంటుందో చెప్పండి, ఎక్స్‌ప్లెయిన్ అన్న చోట ఎందుకో చెప్పండి, జస్టిఫై అన్న చోట వేరే దారులు ఎందుకు వద్దనుకున్నారో కూడా చెప్పండి. మన బడుల్లో ఏ ప్రశ్నకైనా తెలిసిందంతా రాయడం నేర్పారు. నాలుగు కారణాలు అడిగితే తొమ్మిది రాసి, పదోది రాయడానికి టైము చాలలేదని బాధపడతాం. ఈ అలవాటు ఇప్పుడు వదలాలి.

అన్ని పేపర్లూ ఒకేసారి వద్దు. పోయిన భాగం, దాంతో పాటు ఇంకొకటి, ఈ అక్టోబరుకు అంతే. రోజూ నాలుగు గంటలు చదువుతానని ఇంట్లో ప్రకటించకండి, మూడో రోజే మాట పోతుంది. సాయంత్రం మీటింగులయ్యాక చదువు తలకెక్కదు. ఆదివారం ఉదయం గంటన్నర మాత్రం మీది అని మీ ఆవిడతో ఒప్పందం చేసుకోండి, బదులుగా ఆమెకు శనివారం ఉదయం ఇవ్వండి. ఆ గంటన్నరలో ఫోను పక్క గదిలో పెట్టి, గడియారం ముందు పెట్టుకుని, ఒక ఖాళీ లేఅవుట్ మీద మొదటి నుంచి చివరిదాకా సిగ్నళ్లు పెట్టండి. మొదటి పది నిమిషాలు పెన్సిలు ముట్టవద్దు. వాలు, రైలు పొడవు, వేగం మారే చోటు, గేట్లు, ఎక్కడెక్కడ రైళ్లు వెనక్కి తిరగాలి, ఇవన్నీ రంగుతో చుట్టండి. గత అక్టోబరులో మీరు ఆ పది నిమిషాలు మిగుల్చుకున్నారని, ఆ మిగులుకే మూల్యం చెల్లించారని పందెం కాస్తాను.

గీసిన షీటు మీ ఆఫీసులో మీ పక్క సీటు వాడికి చూపించకండి. అతనికీ మీ అలవాట్లే ఉంటాయి. టెస్టింగు వాడికో, పాత స్టేషన్ మాస్టరుకో చూపించండి. దీన్ని ఎలా చెడగొట్టవచ్చో చెప్పు అని అడగండి.

ముందుగా 7వ నంబరు సిగ్నల్ సరిచేసి నాకు పంపండి. మీరు దాన్ని 80 మీటర్లు ముందుకు జరుపుతారని నాకు తెలుసు, ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ సిగ్నల్‌కు 230 మీటర్ల ముందు ఒక లెవెల్ క్రాసింగ్ గీసి ఉంది. జరిపితే మిగిలేది 150, మీ ఓవర్‌ల్యాప్ 180. ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగడానికి వచ్చే ప్రతి రైలుకూ గేటు వేయిస్తారా, ఓవర్‌ల్యాప్ తగ్గిస్తారా, లేక 7 పచ్చబడే దాకా రైలును జంక్షన్‌కు ఇవతలి సిగ్నల్ దగ్గరే ఆపుతారా? ఏది ఎంచుకున్నా, మిగతా రెండూ ఎందుకు కాదో మూడు వాక్యాల్లో రాయండి. ఈ మూడు మాత్రం ఇంగ్లీషులో.